ముందు నాలుగు ట్రిప్పులు తిరుగు, ఆ తర్వాతే డ్రిల్లు పట్టు

"అన్నా, పదడుగుల సిట్-ఆన్-టాప్ కయాక్ కొన్నాను. గార్మిన్ స్ట్రైకర్ 4 ఫిష్ ఫైండర్ తెచ్చాను. ట్రాన్స్‌డ్యూసర్ లోపల అంటించాలా, బయట కడ్డీకి కట్టాలా? బ్యాటరీ ఎంతది కావాలి? ఇంట్లో పాత యూపీఎస్ బ్యాటరీ ఒకటి ఉంది, పనికొస్తుందా? ఈ శనివారం డ్రిల్లింగ్ పెట్టుకుందామనుకుంటున్నా." ఇదీ నువ్వు అడిగింది. (కొత్తగా చదివేవాళ్ళకి: కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, సిట్-ఆన్-టాప్ అంటే లోపల కాకుండా పైన కూర్చునేది. ఫిష్ ఫైండర్ నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి లోతూ చేపలూ స్క్రీన్ మీద చూపిస్తుంది. ఆ శబ్దం పంపి వినే ముక్కే ట్రాన్స్‌డ్యూసర్.) డాలస్‌లో ఉంటానన్నావు, లూయిస్‌విల్ లేక్ పావుగంట దూరమన్నావు. అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

మొదటి మాట. శనివారం డ్రిల్లు తియ్యకు. నా మొదటి కయాక్‌కి పదకొండు బొక్కలు ఉన్నాయి. (తెలంగాణ మిత్రులు ఎముకలు అనుకునేరు, చిల్లులు అని నా ఉద్దేశం.) అందులో ఇవాళ వాడుకలో ఉన్నవి నాలుగు. మిగతా ఏడూ రబ్బరు బిరడాలు పెట్టి మూసినవి. స్క్రీన్ ముందు పెడితే బాగుంటుందనుకుని రెండు, అక్కడ తెడ్డు తగులుతోందని వెనక్కి జరిపి రెండు, కడ్డీ కుడివైపు పెట్టి చేప లాగేటప్పుడు దారం దానికే చుట్టుకుంటోందని ఎడమవైపుకి మార్చి ఇంకో మూడు. అంతా గరాజ్‌లో నేల మీద కూర్చుని వేసిన లెక్క. నీళ్ళ మీద కూర్చుంటే చెయ్యి ఎక్కడికి పోతుందో, దారం ఎటు తిరుగుతుందో గరాజ్‌లో తెలియదు. కాబట్టి మొదటి నాలుగు ట్రిప్పులకి అన్నీ బిగింపులతో, వెల్క్రోతో, తాళ్ళతో సరిపెట్టు. ఎలాగో కింద చెబుతా.

బ్యాటరీతో మొదలుపెడదాం. నేను చూసినంతలో "మెషీన్ పాడైంది" అని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి పాడైంది మెషీన్ కాదు, దానికి వచ్చే కరెంటు.

లెక్క చాలా తేలిక. నీ స్ట్రైకర్ 4 స్క్రీన్ మూడున్నర అంగుళాలే. 12 వోల్టుల దగ్గర అది తాగేది పావు ఆంపియర్ లోపు. పొద్దున ఆరింటికి దిగి మధ్యాహ్నం రెండింటికి ఒడ్డుకి వచ్చావనుకో, ఎనిమిది గంటలకి రెండు ఆంపియర్ అవర్లు. అంతే. అందుకని ఎవరైనా 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), 30 ఏహెచ్ బ్యాటరీ కొనమంటే డబ్బు దండగ, బరువు దండగ. ఏడంగుళాల స్క్రీనూ, పక్కలకి కూడా చూపించే సైడ్ స్కానూ ఉంటే సంగతి వేరు. అవి గంటకి ఒక ఆంపియర్ అవర్, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తాగుతాయి. అప్పుడు ఎనిమిది గంటలకి పది పన్నెండు ఏహెచ్ ఖర్చవుతుంది, 15 నుంచి 20 ఏహెచ్ బ్యాటరీ న్యాయం. రేపు అలాంటిది కొంటానని గట్టిగా అనిపిస్తే బ్యాటరీ ఇప్పుడే పెద్దది తీసుకో. లేకపోతే వద్దు.

యూపీఎస్ బ్యాటరీ అంటే 12 వోల్టుల 7 ఏహెచ్ సీసం బ్యాటరీ అనే అనుకుంటున్నా. కొత్తదైతే నిక్షేపంగా పనిచేస్తుంది. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 7లో నీకు దక్కేది మూడున్నర అనుకో. నీ అవసరం రెండు. సరిపోయింది. కానీ నీది పాతదన్నావు. యూపీఎస్‌లోంచి తీసేసిన బ్యాటరీని సాధారణంగా తీసేసింది అది చచ్చిపోయిందనే. పైన 7 అని రాసి ఉంటుంది, లోపల ఒకటి కూడా ఉండదు. పరీక్ష చెబుతాను. పూర్తిగా చార్జ్ చేసి, తీసేసి, రాత్రంతా వదిలెయ్యి. పొద్దున మల్టీమీటర్ పెట్టి చూడు. 12.7 దగ్గర ఉంటే ఆశ ఉంది. 12.2 ఉంటే అప్పటికే సగం ఖాళీ. ఆశ ఉంటే ఫిష్ ఫైండర్ తగిలించి, వెలుగు పూర్తిగా పెంచి, ఇంట్లోనే ఎనిమిది గంటలు ఆన్‌లో వదిలెయ్యి. సాయంత్రం ఇంకా వెలుగుతూ ఉంటే తీసుకెళ్ళు. మధ్యాహ్నానికే కళ్ళు మూస్తే రీసైక్లింగ్‌కి ఇచ్చెయ్యి, చెత్తబుట్టలో వెయ్యకు.

కొత్తది కొనేటట్టయితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కొను. లైఫ్‌పో4 అని పిలుస్తారు. సీసం 7 ఏహెచ్‌ది రెండు కేజీల పైచిలుకు ఉంటుంది, ఇది అదే సైజులో కేజీకి అటూఇటూ. దాదాపు మొత్తం వాడుకోవచ్చు కాబట్టి 6 ఏహెచ్‌ది నీకు రెండు ట్రిప్పులు వస్తుంది. 3.2 వోల్టుల గదులు నాలుగు వరసగా కలిపి 12.8 వోల్టులు చేస్తారు. మామూలు లిథియం అయాన్ గదులు మూడు కలిపిన చవక ప్యాకులూ దొరుకుతాయి, వాటిని నేను కయాక్‌లో పెట్టను. వేడికీ దెబ్బకీ లైఫ్‌పో4 చాలా నెమ్మది స్వభావం.

దీంతో ఒక చిక్కు ఉంది. సీసం బ్యాటరీ అలిసిపోతుంటే వోల్టేజీ మెల్లగా దిగుతుంది, స్క్రీన్ మీద చూస్తూ ఉండొచ్చు. లైఫ్‌పో4 అలా కాదు. సగం ఉన్నా 13 దగ్గరే, ఐదో వంతు ఉన్నా ఇంచుమించు అక్కడే. చివర్లో లోపలి రక్షణ సర్క్యూట్ టక్కున ఆపేస్తుంది. అందుకని వోల్టేజీ చూసి ధైర్యం తెచ్చుకోకు, గంటలు లెక్కపెట్టుకో.

చార్జర్ దానికి తగ్గదే వాడు, 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగేది. పాత సీసం చార్జర్లలో కొన్ని సల్ఫేట్ వదిలించడానికని పెద్ద వోల్టేజీతో కుదుపులు ఇస్తాయి, అవి లిథియంకి పనికిరావు. నీళ్ళు గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల సెల్సియస్ కింద, లైఫ్‌పో4ని చార్జ్ చెయ్యకూడదు. వాడొచ్చు గానీ చార్జింగ్ వద్దు. డాలస్‌లో జనవరిలో గరాజ్ ఒక్కోసారి అంత చల్లబడుతుంది కాబట్టి ఇంట్లోకి తెచ్చి చార్జ్ చెయ్యి. ఆగస్టులో దీనికి తలకిందులు, కారు డిక్కీలో వదిలెయ్యకు. సీసం బ్యాటరీ అయితే ట్రిప్పు అయిన రోజే చార్జింగ్ పెట్టాలి, ఖాళీగా పడుకోబెడితే చస్తుంది. దాన్ని మూత బిగించిన డబ్బాలో ఉంచి మాత్రం ఎప్పుడూ చార్జ్ చెయ్యకు, హైడ్రోజన్ పోగవుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా మేనమామ కొడుకు గోదావరి లంకల్లో ఉంటాడు, పోయినసారి ఇండియా వెళ్తుంటే "నాకూ ఒక సెట్టు పట్రా బావా" అన్నాడు. విమానంలో విడి లిథియం బ్యాటరీ చెకిన్ పెట్టెలో వెయ్యకూడదు, చేతిసంచిలోనే. అదీ 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 6 ఏహెచ్‌ని 12.8తో గుణిస్తే 77 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 10 ఏహెచ్ అయితే 128, విమానం కంపెనీ అనుమతి లేకుండా కుదరదు. ఇలాంటి అవసరం ఉన్నవాళ్ళు కొనేముందే చూసుకోండి.

ఇక వైర్లు. నన్ను అడిగితే మొత్తం పనిలో అసలు గుట్టు ఇక్కడే ఉంది.

రే రాబర్ట్స్ లేక్‌లో నా మొదటి సీజన్ అంతా ఒక దయ్యం పట్టింది. తెడ్డు గట్టిగా వేస్తే స్క్రీన్ ఆరిపోయేది, ఆగితే మళ్ళీ వచ్చేది. బ్యాటరీ మార్చాను. మెషీన్ కంపెనీకి పంపడానికి డబ్బాలో కూడా పెట్టాను. చివరికి ఒక ముసలి పడవ మెకానిక్ చూసి, వేలితో బ్యాటరీ క్లిప్పు ఊపి నవ్వాడు. ఈ చిన్న సీసం బ్యాటరీల మీద ఉండే రేకులు రెండు సైజులు. ఎఫ్1 అంటే 4.75 మిల్లీమీటర్ల వెడల్పు, ఎఫ్2 అంటే 6.35. నా బ్యాటరీది ఎఫ్1, నేను నొక్కి బిగించిన క్లిప్పు ఎఫ్2. పైకి దిగినట్టే ఉంటుంది, లోపల వదులు. ప్రతి తెడ్డు దెబ్బకీ ఒక సెకనులో వందో వంతు కరెంటు పోతుంది, మెషీన్‌కి అది చాలు. నాలుగు నెలల బాధకి మందు పావు డాలరు క్లిప్పు. కొనేముందు బ్యాటరీ వివరాల్లో ఎఫ్1 అని ఉందా ఎఫ్2 అని ఉందా చూసి దానికి తగ్గ క్లిప్పులే తీసుకో. వేసాక పట్టుకుని లాగి చూడు, ఊడి రాకూడదు, ఊగకూడదు.

వైరు 18 గేజి చాలు. తగరం పూత వేసిన రాగి వైరు, పడవల కోసం అమ్మేది తీసుకో. మామూలు రాగి వైరు లేక్ నీళ్ళలో కొన్నేళ్ళు ఆగుతుంది గానీ, గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్ళకి ఒక్కసారి పోయొచ్చావంటే లోపల పచ్చగా తుప్పు పాకుతుంది. అతుకులు వట్టి టేపుతో చుట్టకు. వేడి చేస్తే ముడుచుకుని లోపల జిగురు కరిగే గొట్టాలు దొరుకుతాయి, అవి వాడు.

ఫ్యూజు తప్పనిసరి. ఈ సైజు మెషీన్లకి మామూలుగా 3 ఆంపియర్లది, నీ మాన్యువల్‌లో ఎంతుంటే అంత. అది మెషీన్ దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్ దగ్గర ఉండాలి. అమెరికాలో పడవల వాళ్ళ ప్రమాణం ప్రకారం ఏడంగుళాల లోపు. ఎందుకంటే ఫ్యూజు కాపాడేది మెషీన్‌ని కాదు, వైరుని. మధ్యలో ఎక్కడో వైరు ఒరుసుకుపోయి ప్లస్సూ మైనస్సూ కలిస్తే, ఫ్యూజు ఆ చోటుకి అవతల ఉంటే ఏం లాభం? లైఫ్‌పో4 క్షణంలో బోలెడంత కరెంటు వదలగలదు. వైరు ఎర్రగా కాలుతుంది, నీ కింద ఉన్నది ప్లాస్టిక్ పడవ.

బ్యాటరీకీ మెషీన్‌కీ మధ్య ఒక ప్లగ్గు పెట్టుకో, ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పట్టే పని లేకుండా. ఎస్‌ఏఈ ప్లగ్గులు చవక. ఒక కాలు కప్పి, ఒక కాలు తెరిచి ఉంటుంది వాటికి. బ్యాటరీ వైపున ప్లస్ ఎప్పుడూ కప్పిన కాలికే ఉండాలి. దుకాణంలో కొన్న రెండు ముక్కలు ఒక్కోసారి రంగులు తారుమారై ఉంటాయి, ఎరుపుని నమ్మకు, మీటరుని నమ్ము. కలిపే ముందు కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు పూస్తే తేమ లోపలికి పోదు.

బ్యాటరీకి డబ్బా అంటే పెద్ద హంగేం అక్కర్లేదు. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డ్రై బాక్సు ఒకటి కొను. దాని గోడకి వైరు పట్టేంత చిల్లు పెట్టి, వైరు చుట్టూ బిగిసే కేబుల్ గ్లాండ్ వెయ్యి. ఇది డబ్బాకి పెట్టే చిల్లు, పడవకి కాదు, నిశ్చింతగా పెట్టుకో. వైరు డబ్బాలోకి పోయేముందు కొంచెం కిందకి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేట్టు వదులు, వైరు వెంట జారిన నీళ్ళు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతాయి. లోపల బ్యాటరీ అటూఇటూ దొర్లకుండా ఫోమ్ ముక్కలు కూరు. మెషీన్ ఐపీఎక్స్7, అంటే కాసేపు నీళ్ళలో మునిగినా బతుకుతుంది. బ్యాటరీకి ఆ భాగ్యం లేదు.

డబ్బాని ఎక్కడ పెట్టాలి? సీటుకి దగ్గరగా, ఎంత కిందకి వీలైతే అంత కింద, మధ్యగీత మీద. ముక్కు దగ్గర హాచ్‌లో (మూత ఉన్న అరలో) పెడతారు కొందరు, లోపల బోలెడు చోటుందని. అక్కడ తడిస్తే నీకు చెయ్యి అందదు, ఒడ్డుకి వచ్చేదాకా తెలియదు. సీటు వెనక సామాను పెట్టుకునే పల్లంలో, అడుగున బెల్టుతో కట్టెయ్యి. కట్టడం మర్చిపోకు. కయాక్ ఎప్పుడో ఒకరోజు తిరగబడుతుంది, ప్రతివాడికీ. కట్టనిదల్లా లేక్‌కి కానుక. స్క్రీన్‌కి కూడా ఒక సన్నటి తాడు ముడెయ్యి.

ఇప్పుడు నువ్వు అసలు అడిగినదానికి వద్దాం, ట్రాన్స్‌డ్యూసర్. మూడు దార్లున్నాయి.

లోపల అంటించడం. నీ పడవ పాలిథిలీన్, ఒకటే పొర, శబ్దం దాని గుండా పోతుంది. పోనిది గాలిలోంచి. ట్రాన్స్‌డ్యూసర్‌కీ పడవ అడుగుకీ మధ్య గోరంత గాలి బుడగ ఉన్నా శబ్దం అక్కడే తిరిగి వచ్చేస్తుంది. ఇరవై అడుగుల నీళ్ళ మీద నిలబడి ఉంటే నా స్క్రీన్ రెండడుగులు అని చూపించిన రోజుంది. సిలికాన్ ఆరుతున్నప్పుడు లోపల బుడగ పట్టింది. ఇంకో గొడవ, పాలిథిలీన్‌కి ఏ జిగురూ మనస్ఫూర్తిగా అంటదు. జులైలో పడవ కారు మీద ఎండలో ఉడికాక నా సిలికాన్ ముద్ద అప్పంలా ఊడి చేతికి వచ్చింది. పైగా నీటి వేడి తప్పు చూపిస్తుంది, అది కొలిచేది పడవ అడుగుని కదా. నీళ్ళు 86 ఫారన్‌హీట్ ఉంటే నాది 95 అంది. డౌన్ స్కాన్ (నేరుగా కిందకి స్పష్టంగా చూపించేది), సైడ్ స్కాన్ లాంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీవి ప్లాస్టిక్ గుండా సరిగ్గా పోవు. నీది 77, 200 కిలోహెర్ట్జ్ కాబట్టి ఆ ఒక్క బాధ లేదు.

అయినా లోపలే పెట్టాలనిపిస్తే అంటించకు. హార్డ్‌వేర్ షాపులో డక్ట్ సీల్ అని బూడిదరంగు మైనంలాంటి ముద్ద దొరుకుతుంది, కరెంటు పైపుల మూతులు మూసేది. అది ఆరదు, గట్టిపడదు. అరచేతిలో చపాతీ పిండిలా బాగా పిసికి, పడవ లోపల చదునుగా, నీటికి ఎప్పుడూ ఆనే చోట, సీటుకి దగ్గరలో పరిచి, ట్రాన్స్‌డ్యూసర్‌ని తిప్పుతూ నొక్కు. తిప్పుతూ నొక్కితే గాలి పక్కలకి పోతుంది. నచ్చకపోతే పీకేసి ఇంకోచోట పెట్టు. నేను ఇప్పటికీ నా రెండో పడవలో ఇలాగే వాడుతున్నా.

రెండో దారి కడ్డీ. పడవ పక్కన బిగించి, కింద ట్రాన్స్‌డ్యూసర్ నీళ్ళలో వేలాడుతుంది. చూపు బాగుంటుంది, వేడి సరిగ్గా తెలుస్తుంది. నీకు మొదటి నాలుగు ట్రిప్పులకి ఇదే చెబుతా. రెడీమేడ్ దొరుకుతాయి, నేనైతే అంగుళం పీవీసీ పైపూ ఒక సి-క్లాంపూ (సి ఆకారంలో ఉండే బిగింపు) వాడి మొదటి ఏడాది గడిపేశాను. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం పడవ అడుగు కన్నా ఒక అంగుళం కిందకి ఉండాలి, లేకపోతే పడవే దానికి అడ్డం వస్తుంది. ముఖం నేలకి సమంగా చూడాలి. నువ్వు పడవలో కూర్చున్నాక సమంగా, ఖాళీ పడవలో కాదు. నువ్వు చేపని లోపలికి లాగే వైపుకి ఎదురువైపు పెట్టు. ఒడ్డు దగ్గర పైకెత్తెయ్యి, మర్చిపోతే రాళ్ళకి తగిలి ముఖం గీసుకుపోతుంది. నాచు ఎక్కువున్న చోట చుట్టుకుంటూ ఉంటుంది, దానికి మందు లేదు, ఓపికే.

మూడోది అడుగున నీళ్ళు పోయే చిల్లు, స్కప్పర్. కొన్ని కయాక్‌లలో ట్రాన్స్‌డ్యూసర్ కోసమే అడుగున గూడు ఇస్తారు. నీ మోడల్‌లో ఉందేమో బోర్లా తిప్పి చూడు. ఉంటే అదృష్టవంతుడివి, ఈ గొడవంతా మానేసి అక్కడే పెట్టుకో. లేకపోతే మామూలు స్కప్పర్‌లో బలవంతంగా కూరకు. లోతుగా కూరుకుపోతే గొట్టం గోడలే కనిపిస్తాయి స్క్రీన్ మీద, బయటకి పొడుచుకొస్తే సిమెంటు ర్యాంపు మీద ఈడ్చినప్పుడు అరిగిపోతుంది.

ఏ దారైనా ట్రాన్స్‌డ్యూసర్ వైరు కోసి కుదించకు. ఎక్కువైంది ఎనిమిది అంకె ఆకారంలో మడిచి కట్టెయ్యి. ముందుముందు ట్రోలింగ్ మోటారు (పడవని నడిపే చిన్న బ్యాటరీ మోటారు) పెడితే దాని వైర్లకి దీన్ని దూరంగా పోనివ్వు, దాని బ్యాటరీ వేరు, దీని బ్యాటరీ వేరు. లేకపోతే స్క్రీన్ నిండా చినుకులు పడ్డట్టు చుక్కలు. ఇంకో సంగతి, టెక్సస్‌లో ట్రోలింగ్ మోటారు పెట్టిన రోజు నుంచి నీ కయాక్ మోటారు పడవ కిందికి వస్తుంది, రిజిస్ట్రేషన్ చేయించాలి. ఫిష్ ఫైండర్ బ్యాటరీకి అదేం లేదు.

స్క్రీన్ ఎక్కడ అంటే, మొదట నీ కయాక్ అంచుల మీద అల్యూమినియం పట్టాలాంటి గాడి ఉందేమో చూడు. ఈమధ్య ఫిషింగ్ కయాక్‌లలో చాలావాటికి వస్తోంది. ఉంటే గాడిలో జారే బోల్టుతో బంతి మౌంటు (స్క్రీన్‌ని ఎటైనా తిప్పుకోగలిగే స్టాండు) బిగించుకోవచ్చు, చిల్లు అవసరమే లేదు, రోజుకో చోటికి జరుపుకోవచ్చు. లేకపోతే సి-క్లాంపు. కూర్చుని తెడ్డు పూర్తిగా తిప్పి చూడు, మోకాలు ముడిచి చూడు, గాలం వెనక్కి విసిరి చూడు. చెయ్యి చాపితే వేలు బటన్‌కి అందాలి, తెడ్డు మాత్రం తగలకూడదు. ఎండలో కనబడుతోందా అన్నది పొద్దున పదింటికి నీళ్ళ మీదే తెలుస్తుంది.

నాలుగు ట్రిప్పుల తర్వాత ఇక ఇదే చోటు అని తేలాక డ్రిల్లు తియ్యి. అప్పుడు కూడా నీటిగీతకి బాగా పైన మాత్రమే. హాచ్‌లోంచి చెయ్యి పెట్టి వెనకాల ఏముందో తడిమి చూడు. డ్రిల్ బిట్‌కి అరంగుళం దగ్గర టేపు చుట్టు, అంతకు మించి దిగకుండా. మెల్లగా తిప్పు, వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కోయబడదు, కరుగుతుంది. స్క్రూలు నేరుగా పాలిథిలీన్‌లోకి బిగించకు, నెల తిరక్కుండా వదులవుతాయి. వెల్ నట్ అని రబ్బరు గొట్టంలో ఇత్తడి మర ఉండేవి దొరుకుతాయి. బోల్టు బిగిస్తే రబ్బరు వెనక ఉబ్బి పట్టుకుంటుంది, నీళ్ళూ ఆగుతాయి. వైరు లోపలికి పంపే చిల్లుకి కొలత తీసేటప్పుడు వైరు మందం కాదు, దాని చివరి ప్లగ్గు మందం చూడు. ప్లగ్గు పట్టేంత చిల్లు, వైరు చుట్టూ బిగిసే రెండు ముక్కల రబ్బరు. నా పదకొండులో ఒకటి ఆ పాపమే, ముందు వైరుకి సరిపడా పెట్టి తర్వాత పెద్దది చేశాను, గుండ్రంగా రాలేదు.

మొదటి ట్రిప్పులో చేపల జోలికి పోకుండా ఒక గంట పరీక్షలకి ఇవ్వు. దిగగానే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద ఒక్క చుక్క గిన్నెల సబ్బు రాసి వేలితో రుద్దు, ముఖానికి అంటుకున్న బుడగలు వదులుతాయి. తర్వాత తాడుకి ఒక బరువు కట్టి, అడుగడుగుకీ గుర్తు వేసి, నీళ్ళలోకి వదిలి లోతు చూడు. మా ఊళ్ళో గోదావరి మీద నావ నడిపేవాళ్ళు గడ దింపి చూసినట్టే. గడ చెప్పిందీ మెషీన్ చెప్పిందీ ఒకటైతే కరెంటూ బాగుంది, ట్రాన్స్‌డ్యూసర్ కూర్చున్న తీరూ బాగుంది. తేడా అడుగు లోపు ఉంటే ట్రాన్స్‌డ్యూసర్ నీళ్ళలో ఎంత కిందకి ఉందో ఆ కొలత, సెట్టింగ్స్‌లో సరిచేసుకోవచ్చు. ఎక్కువుంటే బుడగో, వంకరో.

రెండో పరీక్ష ఇంకా సరదా. పదిహేను ఇరవై అడుగుల నీళ్ళలో పడవ ఆపి, ట్రాన్స్‌డ్యూసర్ పక్కనే చిన్న జిగ్ (బరువున్న ఎర) ఒకటి మెల్లగా దింపు. సున్నితత్వం కాస్త పెంచితే స్క్రీన్ మీద ఏటవాలుగా దిగే గీత కనబడుతుంది, ఆపితే గీత అడ్డంగా సాగుతుంది. నీ ఎర నీకు కనబడిందంటే ఆ అమరిక పాసైనట్టే. క్రాపీ చేపలు మునిగిన చెట్టుకొమ్మల మీద నిలబడి ఉన్నప్పుడు ఆ గీత వాటి పైకి ఒక అడుగులో ఆపడమే చలికాలం వేటంతా.

ఎంత వెడల్పు చూస్తున్నావో గుర్తుంచుకో. 200 కిలోహెర్ట్జ్‌లో శబ్దం 15 డిగ్రీల సన్నటి గరాటులా దిగుతుంది, 77లో 45 డిగ్రీల వెడల్పు గరాటు. 30 అడుగుల లోతున మొదటిది ఎనిమిదడుగుల పళ్ళెమంత చూస్తుంది, రెండోది పాతికడుగుల మేర. వెతకడానికి 77, కిందకి ఎర దింపేటప్పుడు 200. చేప బొమ్మలు చూపించే ఫిష్ ఐడీ మాత్రం మొదటి రోజే ఆపెయ్యి. కొమ్మకీ, బుడగకీ, చిన్న షాడ్ చేపల గుంపుకీ కూడా అది బొమ్మ గీస్తుంది. యూట్యూబ్‌లో చూపించే విల్లులాంటి వంపులు మనకి తక్కువగా వస్తాయి, కంగారు పడకు. చేప గరాటుని దాటి పోతేనే వంపు. కయాక్ ఆగి ఉండి చేపా ఆగి ఉంటే వచ్చేది సాఫీ గీతే. వేసవిలో ఇరవై అడుగులకి అటూఇటూ ఒక మసకపొర అడ్డంగా కనబడితే అది అడుగు కాదు, వేడినీళ్ళూ చల్లనీళ్ళూ కలిసే చోటు. దాని కింద ప్రాణవాయువు తక్కువ, చేపలు ఉండవు, పైనే వెతుక్కో.

టెక్సోమా లేక్ వెళ్ళే ఆలోచన ఉందన్నావు. అక్కడ గాలి లేస్తే కయాక్‌కి తట్టుకోలేని అలలు, మొదటి నెలలో వద్దు. 2009లో టెక్సస్‌లో జీబ్రా ఆల్చిప్పలు మొదట బయటపడ్డ లేక్ కూడా అదే. అవి నీ పడవతో ఇంకో లేక్‌కి పోకుండా, ఏ లేక్ నుంచి వచ్చినా పడవ లోపల నీళ్ళు ఒంపి, కడ్డీ, ట్రాన్స్‌డ్యూసర్ తుడిచి ఆరబెట్టు. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే పెద్దవాళ్ళకి చట్టం ఊరుకుంటుంది, 13 ఏళ్ళలోపు పిల్లలు వేసుకునే ఉండాలి. నువ్వూ వేసుకో.

శనివారం నీ పని అయితే ఇంతే: బ్యాటరీకి మీటరు పెట్టడం, రేకు ఎఫ్1నా ఎఫ్2నా చూడటం, ఫ్యూజు వెయ్యడం, డబ్బా కట్టడం, పీవీసీ పైపు కొయ్యడం. ఆదివారం లూయిస్‌విల్‌లో తాడు దింపి వచ్చిన లోతూ, స్క్రీన్ మీద లోతూ రెండూ రాసి పెట్టు, కయాక్ అడుగు ఫోటో కూడా. గూడు ఉందో లేదో నేను చెబుతా.